ఓటమికి బాధ్యులెవరు? — 1962 యుద్ధ గ్రంథాల మీద ఒక విమర్శ

1962లో చైనాతో జరిగిన యుద్ధాన్ని గురించి మన సేనానులు, అధికారులు, పత్రికా రచయితలు రాసిన పుస్తకాలు ఒక బీరువాకు సరిపడా వున్నవి. సైనిక శాస్త్రం తెలిసినవారు వీటిని సైనిక శాస్త్రంగా చదువుతారు. రాజకీయ నాయకులు తమకు పనికివచ్చే పుటలు చదువుతారు. సాహిత్య విమర్శకులు మాత్రం వీటి జోలికి పోరు. ఇది సరికాదు. వీటిలో అధికభాగం ఆత్మకథలు. ఆత్మకథ ఒక సాహిత్య ప్రక్రియ. ఏ ప్రక్రియకైనా కొన్ని విషయాలను వెల్లడించే శక్తీ, కొన్నిటిని కప్పిపుచ్చే శక్తీ వుంటవి. నెల రోజుల యుద్ధంలో దాదాపు 1400 మంది మన సైనికులు చనిపోయినారు. దాదాపు 4000 మంది బందీలైనారు. మరి 1700 మంది దాకా జాడ తెలియకుండా పోయినారు. ఇంతటి ఘటనను ఆ ప్రక్రియ ఎట్లా చెప్పిందో, చెప్పకుండా ఏమి వదిలిందో పరిశీలించటం విమర్శకుడి పనే.

ముందుగా ఆ పుస్తకాలను వరసగా చూద్దాం. 1967లో జనరల్ బి.ఎం. కౌల్ ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ వెలువడింది. యుద్ధానికి ముందు కౌల్ సైనిక ప్రధాన కార్యాలయంలో చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్; యుద్ధకాలంలో ఈశాన్య సరిహద్దులో నాలుగవ కోర్ సేనాధిపతి. 1968లో పత్రికా రచయిత డి.ఆర్. మంకేకర్ ‘ది గిల్టీ మెన్ ఆఫ్ 1962’ వచ్చింది. 1969లో, ఏడవ బ్రిగేడుకు నాయకత్వం వహించి చైనా చేతికి చిక్కిన బ్రిగేడియర్ జాన్ దళ్వీ ‘హిమాలయన్ బ్లండర్’ వచ్చింది. 1971లో ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతిగా పనిచేసిన బి.ఎన్. మల్లిక్ ‘ది చైనీస్ బిట్రేయల్’ రాశాడు. ఆ తర్వాత 1981లో డివిజన్ సేనాని నిరంజన్ ప్రసాద్, 1991లో మిలిటరీ ఆపరేషన్స్ డైరెక్టరుగా వుండిన డి.కె. పాలిత్ తమ తమ కథలు చెప్పారు.

పేర్లు చూడండి. ఒకరు దోషులన్నారు, ఒకరు మహా తప్పిదమన్నారు, ఒకరు నమ్మకద్రోహమన్నారు. ఇవి చరిత్ర పరిభాషలోని మాటలు కావు. న్యాయస్థానపు బోనులో వినబడే మాటలు. దళ్వీ నెహ్రూను, కృష్ణమీనన్‌ను, కౌల్‌ను బోనెక్కిస్తాడు. కౌల్ తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకుంటాడు. మల్లిక్, తన శాఖ సమాచారం సరిగానే అందించిందనీ, దాన్ని వినియోగించుకోనిది సైన్యమేననీ వాదిస్తాడు. అందరి ప్రశ్నా ఒకటే: బాధ్యుడెవడు? జవాబులు మాత్రమే వేరు. ప్రశ్నే తప్పయినప్పుడు జవాబులు ఎన్ని వుంటే ఏమి లాభం?

వ్యక్తులకు బాధ్యత లేదని నేననటం లేదు. తప్పకుండా వున్నది. అయితే ఈ పుస్తకాలను విడివిడిగా గాక పక్కపక్కన పెట్టి చదివితే, పరస్పరం నిందించుకునే ఈ పెద్దలందరూ ఒక విశ్వాసాన్ని సమానంగా పంచుకున్నారని తేలుతుంది. మనం ముందుకు పోయినా చైనా యుద్ధానికి దిగదనేదే ఆ విశ్వాసం. 1962 ఓటమి ఆ విశ్వాసం ఓటమి. దాన్ని నమ్మినవాడు తన ఆత్మకథలో దాన్ని విచారణకు పెట్టడు. పెడితే ఆత్మకథ నిలవదు. ఈ ప్రక్రియకు గల ప్రధాన లోపం ఇది.

ఆ విశ్వాసం ఎక్కడనుంచి వచ్చింది? 1954 ఏప్రిల్‌లో పంచశీల ఒప్పందం జరిగింది. అదే సంవత్సరం జూలైలో నెహ్రూ ఆదేశంమీద, అంతకుముందు లదాఖ్ వైపు అనిర్ణీతమని చూపిన సరిహద్దును పటాలలో నిర్ణీత రేఖగా గీయించారు. అక్సాయ్‌చిన్ మీదుగా సింకియాంగ్‌ను టిబెట్‌తో కలిపే రోడ్డును చైనా 1957 నాటికి పూర్తిచేసింది. 1959 దాకా ఆ సంగతి మన పార్లమెంటుకు తెలియలేదు. అదే 1959లో లాసా తిరుగుబాటు, దలైలామా రాక, లాంగ్జూ, కొంగ్కాలా ఘర్షణలు. ఆ తర్వాత పార్లమెంటులోగాని, పత్రికలలోగాని రాజీ అన్న మాట ఎత్తటం కష్టమైపోయింది. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి వట్టి చేతులతో వెళ్లిపోయాడు. తూర్పున మక్‌మహాన్ రేఖ, పడమర అక్సాయ్‌చిన్ — ఈ రెంటి మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందానికి ఆనాడు అవకాశముండెనా లేదా అన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకునే విషయం. కాని రాజీకి తలుపు మూసుకున్న ప్రభుత్వానికి, యుద్ధం చేసే శక్తిలేని ప్రభుత్వానికి మిగిలేది ఒకే మార్గం: యుద్ధం రాదని నమ్మటం. కనుక ఆ నమ్మకం ఎవరో ఒక అధికారి అజ్ఞానంవల్ల పుట్టింది కాదు. రాజకీయ అవసరంవల్ల పుట్టింది.

ఆ నమ్మకానికే ‘ఫార్వర్డ్ పాలసీ’ అని పేరు పెట్టారు. మనవాళ్లు డజను మంది వున్న చోటికి కూడా చైనా సైన్యం రాదని 1961 సెప్టెంబరులో ఇంటెలిజెన్స్ బ్యూరో అంచనా వేసింది. 1961 నవంబరు 2న నెహ్రూ సమక్షంలో నిర్ణయం జరిగింది. ముందుకు పోయి కావలి ఠాణాలు పెట్టాలి; వాటికి ఆసరాగా వెనుక బలమైన సైనిక స్థావరాలు కూడా ఏర్పడాలి. డిసెంబరులో సైనిక ప్రధాన కార్యాలయం కింది సేనాధిపతులకు పంపిన ఉత్తర్వులో ముందుకు పొమ్మన్న మాట వున్నది. వెనుక స్థావరాల మాట లేదు. ఆ ఒక్క భాగం ఎందుకు ఎగిరిపోయింది? దోషిని వెతికేవారు ఇక్కడ గుమాస్తాను వెతుకుతారు. నిజానికి ఆ భాగాన్ని అమలు జరపటానికి రోడ్లు లేవు, సైన్యం లేదు, డబ్బు లేదు. అమలు జరగనిదాన్ని వదిలేసి, జరగగలదాన్ని ఉంచుకున్నారు. మిగిలింది యుద్ధ వ్యూహం కాదు. సైనిక దుస్తులు తొడిగిన దౌత్యం. 1962 జూలైలో గాల్వాన్ ఠాణాను చైనా దళాలు చుట్టుముట్టి కూడా కాల్పులు జరపనప్పుడు, మన అంచనా నిజమైందని ఢిల్లీ సంతోషించింది. ప్రత్యర్థి చూపిన నిగ్రహాన్ని అతని బలహీనతగా చదివారు.

దళ్వీ పుస్తకంలో విలువైన భాగం ఇక్కడే వున్నది. నామ్కా చూ నది ఒడ్డున తన బ్రిగేడును నిలబెట్టిన తీరును ఆయన కళ్లకు కట్టినట్లు చెప్తాడు. రోడ్డు తవాంగ్ వద్ద ఆగిపోతుంది. అక్కడినుంచి రోజుల తరబడి కాలినడక. మంచులో నూలు బట్టలు. విమానాలు జారవిడిచే సరుకులలో లోయలపాలయ్యేదే ఎక్కువ. ఎదుట థాగ్లా శిఖరంమీద చైనా సైన్యం. దాని వెనుక వారికి రోడ్డు. సెప్టెంబరు 8న వారు ఢోలా ఠాణా మీదికి దిగివచ్చిన తర్వాత, థాగ్లానుంచి వారిని వెళ్లగొట్టమని ఢిల్లీ నిర్ణయించింది. సైన్యాధిపతి థాపర్ లిఖితపూర్వకమైన ఉత్తర్వు కావాలంటే, సెప్టెంబరు 22న రక్షణశాఖ జాయింట్ సెక్రటరీ సంతకంతో ఆ కాగితం వచ్చింది. అప్పుడు ప్రధానమంత్రి, రక్షణమంత్రి ఇద్దరూ విదేశాల్లో వున్నారు. అక్టోబరు 10 ఘర్షణను కళ్లారా చూసిన కౌల్ మరునాడు ఢిల్లీ వచ్చి పరిస్థితి చెప్పాడు. అయినా బ్రిగేడును ఆ లోయలోనుంచి వెనక్కు రప్పించలేదు. 12వ తేదీన సింహళం బయలుదేరుతూ నెహ్రూ, మన భూభాగాన్ని విముక్తి చేయమని సైన్యానికి ఆదేశమిచ్చామని విలేకరులకు చెప్పాడు. ఆ మాట పత్రికలకెక్కిన తర్వాత బ్రిగేడు నది ఒడ్డున వుండటం సైనిక అవసరం కాదు, ప్రభుత్వ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. అక్టోబరు 20 ఉదయం కొద్ది గంటల్లో ఏడవ బ్రిగేడు ఛిన్నాభిన్నమైంది.

ఇంత వివరంగా చూసిన దళ్వీ, చివరకు ముగ్గురు నలుగురు పెద్దల స్వభావ దోషాల దగ్గర ఆగిపోతాడు. ఆ లోయలో నూలు బట్టలతో నిలబడ్డ సిపాయి ఆయనకు కనిపించాడు. ఆ సిపాయిని అక్కడ నిలబెట్టిన ప్రజాభిప్రాయమూ, పార్లమెంటూ, పటాలూ కనిపించలేదు.

ఈ సేనానుల సాహిత్యానికి ప్రత్యుత్తరంగా 1970లో నెవిల్ మాక్స్‌వెల్ ‘ఇండియాస్ చైనా వార్’ వచ్చింది. మన వామపక్ష పాఠకులలో దానికి గొప్ప ఆదరణ లభించింది. భారత ప్రభుత్వ విధానాన్ని అంత నిశితంగా శోధించిన గ్రంథం అంతకుముందు లేదు. అయితే అందులో కూడా పాత ప్రశ్నే తిరగబడి వున్నది: దోషి ఢిల్లీ, పెకింగ్ కేవలం జవాబు చెప్పింది. అంటే భారత పాలకులకు రాజకీయాలున్నవి, చైనా పాలకులకు లేవా? టిబెట్‌లో తిరుగుబాటును అణచిన ప్రభుత్వం, భారత్ కన్ను టిబెట్ మీద వున్నదని అనుమానించింది. 1962 వేసవిలో చాంగ్ కైషేక్ దాడి చేస్తాడని భయపడి, ఆ దాడిని తాము సమర్థించమని జూన్‌లో వార్సా చర్చలలో అమెరికా చెప్పిన తర్వాత నిశ్చింతగా వున్నది. యుద్ధానికి సమయమూ, స్థలమూ, హద్దూ తానే ఎంచుకున్నది. ఇది ఆత్మరక్షణ మాత్రమేనని అనటం విమర్శ కాదు, వకాల్తా.

అంతర్జాతీయ రంగం చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. అక్టోబరు 22న కెన్నెడీ క్యూబా క్షిపణుల సంగతి ప్రపంచానికి ప్రకటించాడు. 25న ‘ప్రావ్దా’ చైనా వైపు మొగ్గుతూ రాసింది. ఆ సంక్షోభంలో క్రుశ్చేవ్‌కు చైనా మద్దతు అవసరం. 28న క్షిపణులు వెనక్కు తీసుకోవటానికి ఒప్పుకున్నాడు. నవంబరు మొదటివారం నాటికి ‘ప్రావ్దా’ స్వరం మారింది. ఇటు నవంబరులో సేలా, బొమ్డిలా పడిపోయినప్పుడు, అలీన విధానానికి శిల్పి అయిన నెహ్రూ 19వ తేదీన కెన్నెడీకి రెండు లేఖలు రాసి, పన్నెండు స్క్వాడ్రన్ల యుద్ధ విమానాలు అడిగాడు. తన సొంత వైమానిక దళాన్ని మాత్రం యుద్ధంలోకి దింపలేదు. ఎల్లుండికల్లా చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. సహాయానికి వచ్చిన అమెరికా, బ్రిటన్ ప్రతినిధులు కాశ్మీర్ మీద పాకిస్తాన్‌తో చర్చలు జరపమని వొత్తిడి చేశారు. ఆ చర్చలు సాగుతుండగానే 1963 మార్చిలో పాకిస్తాన్ చైనాతో సరిహద్దు ఒప్పందం చేసుకున్నది. ఏ రాజ్యమూ తన ప్రయోజనాన్ని మరచి సిద్ధాంతం కోసం నడవలేదు. ఇది మనకు చేదుగానే వుండవచ్చు. చేదైనంతమాత్రాన చరిత్రను చప్పరించి వదిలెయ్యకూడదు.

మనకు చేదని అనటానికి కారణమున్నది. 1962 నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనా చర్యను ఖండిస్తూ తీర్మానించింది. ఆ తర్వాత భారత రక్షణ నిబంధనల కింద వందలమంది కార్యకర్తలను జైళ్లలో పెట్టారు. 1964 జూలైలో మన తెనాలిలో జరిగిన సమావేశం, అదే సంవత్సరం చివర కలకత్తా మహాసభ — చీలిక పూర్తయింది. చీలికకు ఈ యుద్ధం ఏకైక కారణం కాదు. కాని చర్చ జరిగిన భాష గమనించండి: ఒకవైపు దేశద్రోహి, మరొకవైపు విప్లవద్రోహి. సేనానుల పుస్తకాలకు మనం పెట్టిన వంక మనకూ వర్తిస్తుంది. కళారంగంలోనూ ఇదే కనిపిస్తుంది. 1946లో ‘నీచా నగర్’ తీసిన చేతన్ ఆనంద్, 1964లో ఈ యుద్ధం మీద ‘హకీకత్’ తీశాడు. దానికి పాటలు అభ్యుదయ కవి కైఫీ ఆజ్మీ రాశాడు. లదాఖ్ మంచులో నిస్సహాయంగా మిగిలిన సిపాయిల మీద ఆ చిత్రానికి నిజమైన ప్రేమ వున్నది. వారిని అక్కడికి పంపిన రాజకీయం మీద ప్రశ్న లేదు. సిపాయి త్యాగాన్ని కీర్తించటం రచయిత ధర్మమే. ఆ త్యాగాన్ని అడిగినవారిని ప్రశ్నించకపోవటం ధర్మం కాదు.

ఈ ఓటమి మీద విచారణ జరిపి జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో నివేదిక ఇచ్చారు. అందులోని విషయాలకు నేటికీ సైనిక ప్రాముఖ్యం వున్నదని 2010లో రక్షణమంత్రి పార్లమెంటుకు చెప్పాడు. 2014లో దానిలో ఒక భాగాన్ని మాక్స్‌వెల్ బయటపెట్టాడు, ప్రభుత్వం బయటపెట్టలేదు. పత్రాలు మూసివున్నంతకాలం ఆత్మకథలే చరిత్రగా చెలామణి అవుతవి. 2020 జూన్‌లో అదే గాల్వాన్‌లో ఇరవైమంది సైనికులు మరణించినప్పుడు, ఎవరు ద్రోహి అన్న ప్రశ్నే మళ్లీ మొదట లేచింది. ప్రత్యర్థి ఏమి చేయడని మనం నమ్మాము, ఆ నమ్మకం ఎవరికి అవసరమైంది, దాని ఖరీదు ఎవరు చెల్లించారు — తరగతి గదిలో ఈ పుస్తకాలు చదివించే ఉపాధ్యాయులు, చదివే విద్యార్థులు వేయవలసిన ప్రశ్నలు ఇవి. వీటిని వేయటానికి రహస్య పత్రాలు తెరుచుకునేదాకా ఆగనక్కరలేదు. ఈ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే చాలావరకు జవాబులు దొరుకుతవి.