మయసభలో మా వాడ యాడుంది?

రాజకీయం అంటే నాలుగు గోడల మధ్య నలుగురు పెద్దమనుషులు పన్నే ఎత్తుగడ అని నమ్మించడమే రాజకీయ కుట్రకథల మొదటి పని. ఓటీటీల్లో వస్తున్న ఈ కోవ సీరీస్‌లు దాదాపు అన్నీ ఈ నమ్మకం మీదనే బతుకుతున్నాయి. తలుపు మూసుకుంటుంది, ఫోను మోగుతుంది, ఒకడు ఇంకొకడికి వెన్నుపోటు పొడుస్తాడు, తెల్లారేసరికి రాష్ట్రం తలరాత మారిపోతుంది. మరి ఆ తలుపు బయట కోట్ల మంది ఉన్నారు గదా, వాళ్ళ సంగతేమి? ఈ ప్రశ్న అడగకుండా చూసినంతసేపు కథ బాగానే ఉంటుంది. అడిగినామా, అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

2025 ఆగస్టు 7న సోనీలివ్‌లో వచ్చిన ‘మయసభ’ తెలుగులో ఈ కోవకు చెందిన పెద్ద ప్రయత్నం. దేవ కట్టా, కిరణ్ జయ్‌కుమార్ కలిసి తీశారు. ఆది పినిశెట్టి కాకర్ల కృష్ణమ నాయుడుగా, చైతన్యరావు ఎం.ఎస్. రామిరెడ్డిగా, సాయికుమార్ సినిమాల్లోంచి రాజకీయాల్లోకొచ్చిన ఆర్‌సీఆర్‌గా నటించారు. పాత్రలు కల్పితాలే. అయినా చూసేవాళ్ళకు చంద్రబాబు నాయుడు, రాజశేఖరరెడ్డి, ఎన్టీ రామారావు కనిపించకుండా పోరు. కనిపించాలనే తీశారు. పేరు మార్చి ముఖం చూపించడం ఈ కథల వ్యాపార రహస్యం.

తిరుపతి వాళ్ళకు ఈ కథ పరాయిది కాదు. చంద్రగిరి పక్కన నారావారిపల్లె నుంచి వచ్చిన చంద్రబాబు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివినాడు. గుల్బర్గాలో వైద్యం చదివిన రాజశేఖరరెడ్డి ఈ తిరుపతిలోనే హౌస్ సర్జన్‌గా పనిచేసినాడు. 1978లో ఒకరు చంద్రగిరి నుంచి, ఇంకొకరు పులివెందుల నుంచి శాసనసభకు పోయినారు. అంజయ్య మంత్రివర్గంలో ఇద్దరూ మంత్రులైనారు. కాబట్టి సీరీస్ వచ్చిన కాలంలో యూనివర్సిటీ హాస్టళ్ళలో, టీ అంగళ్ళ కాడ నడిచిన ముచ్చట అంతా ఒకటే. ‘ఈయన ఎవరు? ఆ ముసలాయన ఎవరు?’ ఒక్కొక్క ముఖాన్నీ ఆపి ఆపి గుర్తుపట్టడమే చూడడం అయిపోయింది.

ఈ గుర్తుపట్టే ఆట అమాయకమైనది కాదు. గుర్తుపట్టిన వెంటనే మనిషి తన పక్షం ఎంచుకుంటాడు. ఒక కులం పిలకాయలు ఒక హీరో తునకల్ని కత్తిరించి ఫోన్లలో పంచుకుంటారు, రెండో కులం పిలకాయలు రెండో హీరోవి. మధ్యలో మా వాడల పిలకాయలు కూడా ఈ జెండాకో ఆ జెండాకో చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళను మేము తప్పు పట్టం. పుస్తకాల్లో మా చరిత్ర లేదు, తెర మీద లేదు, ఉన్నదేదో దాంట్లోనే చోటు వెతుక్కుంటారు. కానీ ఈ సీరీస్‌నే చరిత్రగా నేర్చుకునే తరం తయారవుతుంటే పరిశోధకులం కళ్ళు మూసుకోలేం.

కుట్రకథ చూసేవాడిని యాడ కూర్చోబెడుతుందో ముందు తేల్చుకోవాలి. 2013లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’లో నాయకుడు మధ్యమధ్యలో కెమెరా వైపు తిరిగి మనతోనే మాట్లాడతాడు. తన మనసులోని విషం మన చెవిలో పోస్తాడు. అప్పటినుంచి మనం వాడి బాధితులం కాదు, వాడి జతకాళ్ళం. ఈ కోవ కథలన్నిటి కిటుకూ ఇదే. కుట్రదారుడి భుజం మీదుగా లోకాన్ని చూపిస్తారు. అక్కడినుంచి చూస్తే ఓటరు ఒక అంకె, పల్లె ఒక గుంపు, శవం ఒక అవకాశం. ఊరి చివర బతికేవాడు కూడా తనను తాను అంకెగానే చూసుకోవడం నేర్చుకుంటాడు. దళిత ప్రేక్షకుడికి జరిగే నష్టం ఇది.

అంకెల మాట వచ్చింది కాబట్టి 1995 సంగతి చూద్దాం. ‘మయసభ’కు ఆ ఏటి సంక్షోభమే గుమ్మం. ఆగస్టులో హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో ఎమ్మెల్యేలను పోగుచేసి, మామను దించి, సెప్టెంబరు 1న అల్లుడు ముఖ్యమంత్రి అయినాడు. ముప్పై ఏళ్ళుగా తెలుగువాళ్ళు దీన్ని వెన్నుపోటు అనో, పార్టీని కాపాడుకోవడం అనో చెప్పుకుంటున్నారు. రెండూ కుటుంబ కథలే. అప్పటి శాసనసభలో 294 స్థానాలు. అందులో 39 షెడ్యూల్డ్ కులాలవి, 15 షెడ్యూల్డ్ తెగలవి. మామ వైపు ఎందరు, అల్లుడి వైపు ఎందరు అని లెక్కపెట్టినప్పుడు రిజర్వుడు స్థానాల వాళ్ళూ ఆ లెక్కలో ఉన్నారు. కానీ ఎన్నేళ్ళ ముచ్చట్లలోనైనా వాళ్ళలో ఒక్కరి పేరు వినపడిందా? వాళ్ళు ఏం అడిగినారు, ఏం ఆలోచించినారు అని ఎవరైనా రాసినారా? చెయ్యి ఎత్తడానికి మనుషులు, కథలోకొచ్చేసరికి అంకెలు.

దీని వేరు హోటల్లో లేదు, 1932 నాటి పూనా ఒడంబడికలో ఉంది. స్థానం మాది, గెలిపించే ఓట్లలో ఎక్కువ భాగం ఊరివి, టికెట్టు ఇచ్చేది ఇంకొకరు. అట్లా గెలిచిన మనిషి ఏ గదిలో కూర్చోవాలో ఆయన కులం నిర్ణయించదు, టికెట్టు ఇచ్చిన పెద్దమనిషి నిర్ణయిస్తాడు. ఇది రహస్యం కాదు, రాతపూర్వకంగా నడుస్తున్న ఏర్పాటు. కుట్రకథకు ఇటువంటి ఏర్పాటు చూపించే కన్ను లేదు. దానికి విలన్ కావాలి, ఏర్పాటుకు ముఖం ఉండదు గదా.

ఇక 1983కు పోదాం. తెలుగు రాజకీయ కథలన్నిటికీ అది పండగ సంవత్సరం. కాంగ్రెసు కోట కూలింది, తెలుగువాడి ఆత్మగౌరవం గెలిచింది. మా జిల్లాలో ఆ సంవత్సరానికి ఇంకొక పేరుంది. పదిరికుప్పం. చిత్తూరు జిల్లా పదిరికుప్పంలో దళితుల మీద దాడి జరిగింది ఆ ఏడాదే. తర్వాత 1985 జూలై 17న కారంచేడు, 1987లో నీరుకొండ, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ వరసలో మొదట వచ్చే ఊరు మా జిల్లాది. కానీ ఇద్దరు మహానాయకుల ఎదుగుదలను చెప్పే ఏ కథకూ ఈ వరస వెన్నెముక కాలేదు. ఒక కాలపు ఆత్మగౌరవం గురించి చెప్తూ అదే కాలంలో ఎవరి గౌరవం నేలపాలైందో చెప్పకపోతే అది సగం చరిత్ర కూడా కాదు.

కారంచేడులో జరిగిందాన్ని కుట్ర అనగలమా? పట్టపగలు, చెరువు నీళ్ళ కాడ మొదలై, ఊరంతా చూస్తుండగా మాదిగపల్లె మీద పడ్డారు. చుండూరులో పొలాల వెంట తరిమి చంపారు. కుట్రకు చీకటి కావాలి, సంకేత పదాలు కావాలి, నమ్మకస్తుడైన డ్రైవరు కావాలి. కులానికి అవేవీ అక్కర్లేదు. కుట్రకు తలుపులుంటాయి, కులానికుండవు. అందుకే కుట్రకథ ఎంత ఉత్కంఠగా నడిచినా కులాన్ని పట్టుకోలేదు. దాచిపెట్టినదాన్ని బయటపెట్టడం దాని విద్య. బహిరంగంగా నడిచే దుర్మార్గం దగ్గర ఆ విద్య పనిచెయ్యదు.

‘మయసభ’ కులం మాట ఎత్తలేదని మేము అనడం లేదు. ఎత్తింది, జంకకుండానే ఎత్తింది. సీమ అంటే బాంబులూ సుమోలూ అనే పాత సినిమా పైత్యం నుంచి కొంత బయటికొచ్చి, సీమ మనిషికి చదువు, ఆలోచన, స్నేహం ఉంటాయని చూపింది. ఇద్దరు కథానాయకుల నటనలో నిజాయితీ ఉంది. ఒప్పుకుంటాం. కానీ అది చూపే కులాతీత స్నేహం ఎవరి మధ్య? ఒక నాయుడికీ ఒక రెడ్డికీ మధ్య. రెండు భూస్వామ్య కులాల పొత్తును మానవత్వం అని పిలుస్తున్నారు. 1956 నుంచి రాష్ట్రాన్ని ఎక్కువ కాలం ఏలింది ఈ రెండు కులాలవాళ్ళే. వాళ్ళ కొట్లాటే రాజకీయం, వాళ్ళ రాజీనే ప్రజాస్వామ్యం అని చెప్తుంటే మిగతా కులాలు ఏం కావాలి? రాజీ కుదిరితే పెళ్ళి భోజనాల కాడ కడపటి పంక్తి, కుదరకపోతే ముందు వరస శవాలు.

ఇదే కాలం నుంచి వేరే కథలు లేవా అంటే, ఉన్నాయి. 1960 జనవరిలో కర్నూలు జిల్లా పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయినాడు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి, అదీ ఈ రాయలసీమ వాడు. 1962లో ఆ కుర్చీ పోయింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో గానీ, 2014 తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఇంకో దళితుడు ఆ కుర్చీ ఎక్కలేదు. ఆ రెండేళ్ళ చుట్టూ ఉన్న ఢిల్లీ రాయబారాలు, పార్టీ ముఠాలు ఒక సీరీస్‌కు చాలవా? మా జిల్లాలోనే డాక్టర్ గుమ్మడి కుతూహలమ్మ ఉన్నారు. వైద్యురాలు, దళిత మహిళ. వేపంజేరి నుంచి పలుమార్లు గెలిచి, మంత్రిగా చేసి, 2007లో శాసనసభ ఉపసభాపతి అయ్యారు. 2023లో కన్నుమూశారు. డాక్టరు చదువు నుంచి రాజకీయాల్లోకి వచ్చినవాళ్ళ కథ కావాలంటే ఆమెది కూడా కథే. కానీ ఆ కథలో ప్రతి గుమ్మం కాడ కులం నిలబడి ఉంటుంది, అందుకే పెట్టుబడి పెట్టేవాళ్ళకు అది ‘పెద్ద’ కథగా కనిపించదు.

ఓటీటీకి సెన్సారు లేదు, స్వేచ్ఛ ఎక్కువ అంటారు. ఆ స్వేచ్ఛ ఎంతో 2021 జనవరిలో తేలింది. ఢిల్లీ అధికార కుట్రల మీద వచ్చిన ‘తాండవ్’ మీద కేసులు పడ్డాయి, తీసినవాళ్ళు క్షమాపణ చెప్పి దృశ్యాలు కత్తిరించారు. ఆ తర్వాతి నెలలోనే, ఫిబ్రవరి 25న, కేంద్రం కొత్త ఐటీ నిబంధనలు తెచ్చింది. దేవుళ్ళ మనసు నొచ్చుకుంటే కత్తెర పడుతుంది. నాయకుడి పేరు మార్చితే చాలు, కత్తెర పడదు. ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అనే అంటుముట్టు అక్కడా ఉంది.

ఇంకో సంగతి. ఈ దేశంలో కుట్రకథలు రాసేది సినిమావాళ్ళు మాత్రమే కాదు, పోలీసులు కూడా. భీమా కోరేగావ్ కేసులో కుట్ర ఆరోపణ మీద ఆనంద్ తేల్‌తుంబ్డే 2020లో సరిగ్గా ఏప్రిల్ 14న, అంబేద్కర్ పుట్టినరోజున, లొంగిపోవలసి వచ్చింది. 2022 నవంబరులో గానీ బెయిలు మీద బయటికి రాలేదు. పెద్దకులాల నాయకుడు కుట్ర పన్నితే చాణక్యుడు, దళిత మేధావి ఆలోచిస్తే అదే కుట్ర. తెర మీది చాణక్యులకు మనం కొట్టే చప్పట్లు ఈ తేడాను ఇంకా గట్టిపరుస్తున్నాయి.

మయసభ అనే పేరు పెట్టినవాళ్ళు దుర్యోధనుడి భ్రమను తలుచుకుని ఉంటారు. నేల అనుకుంటే నీళ్ళు, నీళ్ళనుకుంటే నేల. మాకు దానికి ముందు జరిగింది గుర్తుకొస్తుంది. ఖాండవవనాన్ని తగలబెట్టినప్పుడు బతికి బయటపడిన మయుడు, కృతజ్ఞతగా కట్టిచ్చిన సభ అది. అడవిలో కాలిపోయిన నాగులకు ఆ సభలో పీట లేదు. మా శేషాచలం అడవి కూడా అట్లాంటిదే. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం పేరున 20 మంది తమిళ కూలీలను పోలీసులు కాల్చి చంపినారు. ఆరేళ్ళకు అదే అడవి, అదే చందనం ‘పుష్ప’ సినిమాలో ఈలలు వేయించుకుంది.

అయితే కుట్రకథలు వద్దా? వద్దని మేము చెప్పడం లేదు. కుట్రను సరైన చోట వెతకమంటున్నాం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచినాయి. భూముల దస్త్రాలు కాలినాయి, కేసు సీఐడీకి పోయింది. ఎవరు కాల్చినారో తేల్చాల్సింది న్యాయస్థానం, మేము కాదు. కానీ భూమి దస్త్రం అంటే ఏమిటో వాడలో అందరికీ తెలుసు. అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా డీకేటీ పట్టా ముసలమ్మ ట్రంకుపెట్టెలో ఉంటుంది, భూమి ఇంకొకరి మామిడి తోటలో ఉంటుంది. ఈ మధ్యలో ఎన్ని సంతకాలు, ఎన్ని కొట్టివేతలు, ఎన్ని మాయమైన పేజీలు! ఉత్కంఠకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ కథకు హోటలు గది అక్కర్లేదు. తాసిల్దారు ఆఫీసు వరండా చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితం పట్టుకుని నిలబడిన మనిషి చాలు. కెమెరా పెద్దమనిషి భుజం మీంచి దిగి ఆ మనిషి భుజం మీదికి రావాలి. అది ఎవరో దయతలచి చేసే పని కాదు. మా జిల్లాల్లో చదువుకున్న దళిత పిలకాయలు, రాయడం తెలిసినవాళ్ళు, ఫోనుతో తీయడం నేర్చినవాళ్ళు పదిరికుప్పం నుంచి మొదలుపెట్టాలి. పేర్లు మార్చకుండా.