‘భావికాల బాలుడు కోనన్’ : ఒక విమర్శ

బొమ్మలాట బాలుర కాలక్షేపమనియు, గ్రంథపఠనమే పెద్దల వ్యాసంగమనియు మన గృహములలో ఒక యభిప్రాయము నాటుకొని యున్నది. రాత్రియెల్ల మేలుకొని తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధమును చూచిన తాతల సంతతివారమైన మనకు ఈ యభిప్రాయ మెట్లు కలిగినదో తెలియదు. ఎడపల్లి, బోధను ప్రాంతముల యిండ్లలో నేడు పిల్లలు చేతి ఫోనులయందు జపాను బొమ్మల కథలను చూచుచున్నారు. పెద్దలు కసరుటయో, ఉపేక్షించుటయో చేయుచున్నారు గాని, ప్రక్కన కూర్చుండి గుణదోషములు విచారించువారు అరుదు. ఈ జాతికి చెందిన సాహసకథ నొకదానిని మేము ఇప్పుడు మొట్టమొదటి సారిగా ఆద్యంతము చూచితిమి. మాకు తోచిన దానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

మేము చూచినది ‘భావికాల బాలుడు కోనన్’. 1978 ఏప్రిలు మొదలు అక్టోబరు వరకు జపాను దేశపు ఎన్.హెచ్.కె. సంస్థ దీనిని 26 భాగములుగా ప్రసారము చేసెను. తరువాత లోకప్రసిద్ధుడైన హయావో మియజాకి దీని దర్శకుడు. అమెరికా రచయిత అలెగ్జాండర్ కీ 1970లో ప్రకటించిన నవల దీనికి ఆధారము. నిర్మించినది నిప్పన్ యానిమేషన్ సంస్థ. 1990 దశకమున దూరదర్శనములో మన యిండ్లవారు చూచిన మౌగ్లీ బొమ్మల కథయు ఈ సంస్థదే. కావున ఈ చిత్రకారుల చేతిపని మనకు పూర్తిగా క్రొత్తది కాదు.

కథ యిది. 2008వ సంవత్సరమున మహాయుద్ధము సంభవించి, అణ్వస్త్రములను మించిన అయస్కాంతాయుధముల చేత ఖండములు సముద్రమున మునిగినవి. ఒక చిన్న దీవిలో తాతతో పెరిగిన కోనన్ అను బాలునకు ఒడ్డున కొట్టుకొనివచ్చిన లానా యను బాలిక కనబడును. ఆమె తాతయైన లావో పండితునకు సూర్యశక్తి రహస్యము తెలియును. ఆ రహస్యమునకై ఇండస్ట్రియా యను యంత్రనగరము వారు లానాను బలిమిని గొనిపోవుదురు. కోనన్ తాత చనిపోవుచు, ఈ దీవిని విడిచి మనుష్యులను వెదకికొమ్మని మనుమనికి చెప్పును. శత్రువును చంపుమని గాక, తోడివారిని వెదకుమని చెప్పుటలో ఈ కథ యొక్క సారమంతయు నున్నది.

మొదట కొన్ని భాగములు చూచునపుడు మాకు అపనమ్మకము కలిగెను. కోనన్ కాలివ్రేళ్లతో పట్టుకొని వ్రేలాడును. ఎంతయెత్తునుండి దూకినను బ్రదుకును. ఇట్టి బలము గల బాలుడు లోకమున నుండునా? కాని హనుమంతుడు సముద్రమును లంఘించునపుడు మనము యోజనములు లెక్కింపము. ఆ లంఘన మెవరికొరకో అడుగుదుము. కోనన్ తన గొప్పకై ఒక్కసారియు దూకడు. అతనికి ఆకలి వేయును, అలసట కలుగును. పనిచేయును, కడుపార తినును. ఇట్టి సాహసమును చూచిన పిల్లవాడు చెడిపోవునని మేము తలపము.

స్త్రీపాత్రల విషయము మన చదువరులు ముఖ్యముగా గమనింపవలసినది. లానా పలుమారు చెరపట్టబడును, కోనన్ పలుమారు విడిపించును. ఇది ప్రాతపద్ధతియే, మాకు విసుగు పుట్టించినది. ఐనను ఇనుప కట్లతో కోనన్ నీటి అడుగున చిక్కుకొన్నపుడు లానా తన నోటి నుండి ఊపిరి నిచ్చి యతనిని బ్రదికించును. ఇంతకంటె గొప్పది మోన్‌స్లీ పాత్ర. శత్రుపక్షమున అధికారిణియైన ఈమె, తన్ను మందలించిన కోనన్ తాతతో, యుద్ధమును తెచ్చినవారు మీరే, మేమప్పుడు పిల్లలమని ప్రత్యుత్తర మిచ్చును. ఆ ముసలివానికి నోట మాట రాదు. పెద్దల తప్పును పిల్లలు మోయుచున్నారన్న నింద ఎల్ల దేశముల పెద్దలకును వర్తించును. క్రమముగా నామె మనస్సు మారిన తీరు ఉపన్యాసముల వలన గాక అనుభవము వలన జరుగును. అందుచేతనే నమ్మదగి యున్నది.

దోషములు లేకపోలేదు. జింసీ యను వనబాలుడు పొగాకునకై యాసపడుట నవ్వుకొరకు చూపబడినది. బీడీలు చుట్టి బ్రదుకు స్త్రీలు వేలకొలది గల నిజామాబాదు జిల్లాలో పొగాకు నవ్వులాట కాదు. అంతకంటె పెద్ద దోషము మరియొకటి కలదు. ఇండస్ట్రియాలో ప్రాత ప్లాస్టికు చెత్తనుండి ఆహారము చేసికొందురు, మనుష్యులను తరగతులుగా విభజింతురు. హైహార్బరు దీవిలో పైరులు పండించుకొని సుఖముగా నుందురు. యంత్రము చెడ్డది, పొలము మంచిది యన్న భావము చూచువాని మనస్సున సులభముగా నాటుకొనును.

మన ప్రాంతపు చరిత్ర దీనిని ఒప్పుకొనదు. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీరు చెరకును పండించెను. 1937లో బోధనులో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఆ చెరకునకు వెల కల్పించెను. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినపుడు కూలిపోయినది యంత్ర మొక్కటియే కాదు. కార్మికుని జీతమును, రైతు చెరకును దానితోబాటు పోయినవి. యంత్రమును పొలమును మాకు పగవారు కారు, ఒక కాడికి కట్టిన ఎడ్లు. ఆ కాడిని ఎవరు తోలుచున్నారు, ఎవరి మేలునకు తోలుచున్నారు అనునదియే ప్రశ్న.

న్యాయముగా చెప్పవలెనన్న, కథాంతమున మియజాకి ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చెను. లావో పండితుడు సూర్యశక్తిని నశింపజేయడు. నియంతయైన లెప్కాకు ఈయడు. మునుగుచున్న నగరపు ప్రజలను ఓడ యెక్కించి దాటించుటకు దానిని వినియోగపరచును. విద్య రక్షణకు, లోభము నాశనమునకు అను భేద మిచట స్పష్టమగుచున్నది. ఆ భేదమును ఇరువదియైదవ భాగము వరకు దాచక, ముందే చూపియున్న బాగుండెడిది.

కథకుడు భయపడిన 2008 గడచిపోయినది, ఖండములు మునుగలేదు. భయము మాత్రము ప్రాతబడలేదు. తల్లిదండ్రులకు మేము చెప్పున దొక్కటి: పిల్లల చేతినుండి ఫోనును లాగికొనుటకు ముందు వారితో ఒక భాగమైనను చూడుడు. మేము చూచిన ప్రతిలో పలుకులు జపాను భాషవి, క్రింది వ్రాతలు ఆంగ్లమువి; చిన్నవారికి తెలుగున చెప్పు పని పెద్దలదే. ఆ చెప్పుటలో పిల్లలు వేయు ప్రశ్నలకు బదులు వెదకుట కథ చూచుటకంటె ఎక్కువ ఫలము నిచ్చును.