పరిష్కరణ, పరిహరణ: క్షేత్రయ్య పదాల నేపథ్యంలో ‘బౌడ్లరైజ్’ అనే క్రియ అర్థపరిధి

ఆంగ్లంలోని ‘బౌడ్లరైజ్’ అనే క్రియ ఒక ఇంటిపేరు నుంచి పుట్టింది. థామస్ బౌడ్లర్ (1754–1825) వృత్తిరీత్యా వైద్యుడు. కుటుంబమంతా కూర్చుని బిగ్గరగా చదువుకోవడానికి తగవని తోచిన మాటలన్నీ షేక్‌స్పియర్ నాటకాల నుంచి తీసివేసి, 1818లో పది సంపుటాల ‘ఫ్యామిలీ షేక్‌స్పియర్’ను తన పేరుతో ప్రకటించాడు. అతడు మరణించిన పదకొండేళ్లకు, 1836 నాటికి, ఆ పేరు క్రియగా వాడుకలోకి వచ్చింది. గ్రంథంలోని అశ్లీల భాగాలను తొలగించడమని నిఘంటువులు దానికి అర్థం చెబుతాయి. ఆ అర్థం తప్పు కాదు గాని, చాలదు.

తెలుగులో ఈ క్రియకు సరిపోయే మాట లేదు. ‘నిషేధించు’ అంటే పుస్తకం మొత్తాన్నీ పాఠకుడికి దూరం చేయడం. బౌడ్లరైజ్ అయిన పుస్తకం అంగట్లో దొరుకుతూనే ఉంటుంది, దాని మీద కవి పేరూ ఉంటుంది. లోపల ఏది లేదో పాఠకుడికి తెలియదు, అంతే. ‘పరిష్కరించు’ అన్న మాట కొంత దగ్గరగా వస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రతులను పోల్చి, పాఠాంతరాలు చూపి, కవి రాసిన పాఠానికి చేరువయ్యేవాడు పరిష్కర్త. మర్యాద కోసం పద్యాలు తీసివేసినవాడూ ముఖపత్రం మీద పరిష్కర్తగానే నిలిచాడు. పరస్పర విరుద్ధమైన రెండు పనులు ఒకే బిరుదును పంచుకున్నాయి. వ్రాతప్రతి శిథిలమై పాఠం పోయినచోట ‘గ్రంథపాతం’ అని గుర్తుపెట్టే మంచి అలవాటు మన సంపాదకులకు ఉంది. పురుగు తిన్నచోట కనబడే ఆ గుర్తు, పరిష్కర్త తీసివేసినచోట మాత్రం కనబడదు.

తొలగినది ఏమిటి?

ఈ క్రియ చరిత్రలో అంతగా ప్రచారానికి రాని విషయం ఒకటుంది. ‘ఫ్యామిలీ షేక్‌స్పియర్’ తొలి కూర్పు 1807లోనే, ఇరవై నాటకాలతో వెలువడింది. ఆ పని చేసినది థామస్ సోదరి హెన్రియెటా. పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఏ మాటలు తీసివేయాలో నిర్ణయించాలంటే వాటి అర్థం తెలిసి ఉండాలి. అవివాహితయైన గౌరవనీయ మహిళకు అవి తెలుసని ఒప్పుకోవడం నాటి సమాజంలో సాధ్యం కాదు. చివరికి క్రియ కూడా తమ్ముడి పేరుతోనే స్థిరపడింది. బూతు కోసం మొదలైన కత్తిరింపులో స్త్రీ పేరు పోవడం యాదృచ్ఛికమని అనుకోవచ్చు. అయితే తెలుగు ఉదాహరణలు పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

తంజావూరు మహారాష్ట్ర రాజుల కాలంలో ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ తెలుగులో ఈ క్రియకు అత్యంత సన్నిహితమైన ఉదాహరణ. సి.పి. బ్రౌన్‌కు సన్నిహితుడైన పైడిపాటి వెంకటనరసు సిద్ధం చేసిన ముద్రణ 1887లో వెలువడింది. అందులో కొన్ని శృంగార పద్యాలు లేవు. వాటితోపాటు కావ్యం పీఠికా, ఆశ్వాసాంత గద్యలూ లేవు. పీఠికలో ముద్దుపళని తన అవ్వ తంజనాయకినీ, మేనత్తనూ పేర్కొని తన సాహిత్య వారసత్వాన్ని స్త్రీల పరంపరగా చెప్పుకుంది. ఆ భాగంలో అశ్లీలమేదీ లేదు. శృంగారాన్ని తొలగించడమే ఉద్దేశమైతే దానిని ముట్టుకోవలసిన అవసరం కూడా లేదు. వ్రాతప్రతి దొరికిన తరువాత ఈ లోపాన్ని గుర్తించి, పూర్తి పాఠాన్ని 1910లో ప్రకటించినది బెంగుళూరు నాగరత్నమ్మ. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని తీవ్రంగా నిరసించారు. పురుష కవుల శృంగారానికి లేని అభ్యంతరం ముద్దుపళనికే ఎందుకని నాగరత్నమ్మ ఎదురు ప్రశ్నించింది. ప్రభుత్వం నిషేధించినది కూడా ఈ పూర్తి పాఠాన్నే. కత్తిరించిన పాఠం మీద ఎవరికీ కోపం రాలేదు. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో ఆ నిషేధం తొలగింది.

నిషేధం కంటే బౌడ్లరైజ్ చేయడం మృదువైన చర్య అనే సాధారణ అభిప్రాయాన్ని ఇక్కడ పునఃపరిశీలించవలసి ఉంది. నిషేధం రికార్డుల్లో మిగులుతుంది, దాని మీద పోరాడవచ్చు. 1887 నాటి ముద్రణ మీద పోరాడాలంటే ముందు అందులో లోపముందని ఎవరో ఒకరు కనిపెట్టాలి. ఆ కనిపెట్టిన వ్యక్తి దేవదాసీ సంప్రదాయం నుంచి వచ్చిన విదుషి కావడం గమనార్హం.

మొవ్వ: అక్షరం మారని కత్తిరింపు

గుడివాడకు దక్షిణాన, మచిలీపట్నానికి పడమట, దివిసీమకు ఎగువన ఉన్న మొవ్వ గ్రామం క్షేత్రయ్య ముద్ర ‘మువ్వగోపాల’కు మూలమని ప్రసిద్ధి. కూచిపూడి దానికి పొరుగూరే. పదిహేడవ శతాబ్దికి చెందిన ఈ పదకర్త మధుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానాలలో నాలుగు వేలకు పైగా పదాలు చెప్పినట్టు ‘మేరువు’ పదాన్ని బట్టి తెలుస్తోంది. వాటిలో పదోవంతు కూడా నేడు లభించడం లేదు. లభించినవాటిలో మాట్లాడేది ఎక్కువగా స్త్రీయే. ఆమె తరచు వేశ్య. విటుడు తెచ్చిన సొమ్మెంతో అడుగుతుంది, వేరొకతె ఇంటికి వెళ్లి వచ్చినవాడిని వాకిట్లోనే నిలబెడుతుంది, చెలికత్తె చేత కబురంపుతుంది. ఒక పదంలో వివాహిత తన ప్రియుడితో, గర్భం పోవడానికి ఏదైనా వేరో మందో వెతికి తెమ్మంటుంది. నమ్మదగిన స్నేహితురాలు కూడా ఇక్కడ లేదని వాపోతుంది.

ఈ పదాలను ఎవరూ నిషేధించలేదు. 1950ల నాటి విస్సా అప్పారావు, గిడుగు వెంకట సీతాపతి కూర్పులు వీటిని పండితలోకానికి అందుబాటులోకి తెచ్చాయి. మార్పు వ్యాఖ్యానంలో జరిగింది. నాయిక జీవాత్మ, మువ్వగోపాలుడు పరమాత్మ, విరహం ముక్తికై తపన అన్న సమన్వయం ప్రతి పదానికీ ముందుగానే సిద్ధంగా ఉంటుంది. పశువులు కాచుకునే వరదయ్య మోహనాంగి అనే దేవదాసిని ప్రేమించి, ఆమె కోరిక మీద కవియై, చివరికి భక్తుడిగా పరిణమించాడన్న ఐతిహ్యం కూడా ఆ దారినే నడుస్తుంది. మోహనాంగి కథను మొదలుపెట్టి తప్పుకుంటుంది.

భక్తిపరమైన అన్వయమంతా వంచన అనడం న్యాయం కాదు. జయదేవుడి నాటి నుంచే మధురభక్తిలో శృంగారానికి స్థానముంది. దేవాలయానికీ ఆస్థానానికీ మధ్య గీత గీయడం ఆ కాలానికి తెలియని పని. ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతం ఇక్కడ మంచి గీటురాయి. వ్యంగ్యార్థం వాచ్యార్థాన్ని ఆశ్రయించి వెలుగుతుంది. సొమ్ము అడిగే స్త్రీ ముందు సొమ్ము అడిగే స్త్రీగానే వినబడాలి. ఆ తరువాత దేవుడు కూడా ఆమె వాకిట్లో నిలబడినవాడేనన్న స్ఫురణ కలిగితే అది కావ్యానికి లాభం. నారాయణరావు, రామానుజన్, షూల్మన్‌లు 1994లో ప్రకటించిన ఆంగ్లానువాద సంపుటానికి దేవుడిని ఖాతాదారుగా చెప్పే పేరు పెట్టడంలోని ఔచిత్యం ఇదే. వాచ్యార్థాన్ని చెప్పకుండా జీవాత్మ దగ్గరే మొదలుపెట్టే వ్యాఖ్యానం పాఠంలో ఒక్క అక్షరం కూడా మార్చదు. దాని ఫలితం మాత్రం బౌడ్లర్ సాధించిన దానికంటే ఎక్కువే. గర్భం పోవడానికి మందు అడిగిన స్త్రీని ఏ పరమాత్మతో సమన్వయించాలో ఆ వ్యాఖ్యాతలే చెప్పాలి. అలాంటి పదాల జోలికి పోకపోవడమే వారికి సుఖం.

అన్నమయ్య విషయంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి తాళ్లపాక సాహిత్యం వెలుగులోకి రావడానికి ఎంతో శ్రమించారు. అక్కడ అధ్యాత్మ, శృంగార సంకీర్తనలనే విభజన రాగిరేకులలోనే ఉంది. శృంగారం ఆ పేరుతోనే అచ్చయింది. పేరు పెట్టి వేరు చేయడం కత్తిరింపు కాదు. ఏది ఎక్కడుందో పాఠకుడికి తెలుసు.

వేదిక మీద మాత్రం అసలు అర్థంలోనే కత్తిరింపు కనబడుతుంది. సాధారణంగా మూడు చరణాలుండే పదాన్ని కచేరీలో పల్లవి, అనుపల్లవి, ఒక చరణంతో ముగిస్తారు. విలంబ కాలంలో నడిచే పదానికి సమయం చాలదన్న కారణం నిజమే. కాని క్షేత్రయ్య పదం వాదంలా సాగుతుంది. నాయిక చరణం చరణానికీ తన పక్షాన్ని బిగిస్తుంది. ఒక చరణం వద్ద ఆపితే మిగిలేది భావం. ఆమె వాదం వినబడదు. పూర్తి పదాలను అభినయంతో సహా కాపాడినవారు తీరాంధ్ర కలావంతులు, తమిళదేశంలో వీణ ధనమ్మాళ్ వంటివారి కుటుంబాలు. ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి, శృంగారాన్ని శుద్ధి చేయవలసిన అవసరం లేదని చివరివరకూ వాదించింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఒక అన్యాయాన్ని ఆపడానికి వచ్చింది. దాని అవసరాన్ని కాదనలేం. మేజువాణీలలో పదం పట్టి అర్థం విప్పిన కలావంతుల జ్ఞానానికి మరో చోటు చూపే పని మాత్రం ఎవరూ తలకెత్తుకోలేదు. పొరుగున ఉన్న కూచిపూడిలో స్త్రీవేషం చాలాకాలం పురుషుడిదే. తరువాతి దశాబ్దాలలో పదం కొత్త వేదికల మీదికి వచ్చింది గాని, దాన్ని మోసిన స్త్రీలు దానితో అంతగా రాలేదు.

1887 నాటి పీఠికకు జరిగినదీ, క్షేత్రయ్య పదాలకు జరిగినదీ ఒకే క్రియ కిందికి వస్తాయా? పాఠం మారితేనే బౌడ్లరైజ్ అనాలన్న నియమం పెట్టుకుంటే రావు. తొలగింపు దేనిని తాకిందని అడిగితే మాత్రం రెండింటా ఒకే సమాధానం వస్తుంది. శృంగారం ఏదో రూపంలో నిలిచింది. ఎవరు మాట్లాడుతున్నారన్న ఎరుక పోయింది. క్షేత్రయ్య పదాలకు రాబోయే పరిష్కరణ తాళపత్రాలతో ఆగకుండా కలావంతుల ఇళ్లలో మిగిలిన పాఠాలను కూడా పాఠాంతరాలుగా నమోదు చేయాలి. ఎవరి నోట విన్నదో, వారు అంగీకరిస్తే, పేరుతో సహా అధోజ్ఞాపికలో ఉండాలి. దొరకని చరణం ఉన్నచోట గ్రంథపాతం గుర్తు ఉండాలి.