నిరీక్షణ, సమాధానం, సాక్ష్యం: పట్టభద్రుల క్రైస్తవ విశ్వాస వివరణలో తెలుగు పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
డిగ్రీ ముగించిన క్రైస్తవ యువతకు తమ విశ్వాసాన్ని ఇతరులకు వివరించే శిక్షణ తెలుగునాట చాలాకాలంగా ఉంది. ఈ శిక్షణను వేదాంత దృష్టితో, సంఘచరిత్ర దృష్టితో చూసినవారున్నారు. భాషాదృష్టితో, కథనరూప దృష్టితో చూడడం అరుదు. బైబిలు తెలుగులోని మూడు మాటలను ఆధారంగా తీసుకొని, శిక్షణలోని బలహీనత వాదపటిమలో కాక పరిభాషలోనూ, కథన నమూనాలోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, అంబర్‌పేట ప్రాంతాలను నేపథ్యంగా స్వీకరించింది.

కీలకపదాలు: తెలుగు బైబిలు, క్రైస్తవ పరిభాష, సాక్ష్య కథనం, పట్టభద్రులు, దళిత క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల వీధులు ఉద్యోగార్థుల వీధులు. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారు అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలో చేరి, అంబర్‌పేట వరకు విస్తరించిన అద్దెగదులలో, హాస్టళ్లలో ఏళ్ల తరబడి గడుపుతారు. ఇదే పరిధిలో తెలుగు క్రైస్తవ చరిత్రకు ముఖ్యమైన స్థలాలు కొన్ని ఉన్నాయి. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులో ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాల ఉంది. 1964లో రాజమండ్రిలో ఏర్పడిన ఈ సంస్థ 1970ల తొలినాళ్లలో హైదరాబాదుకు తరలివచ్చింది. గోల్కొండ చౌరస్తాలో భక్త సింగ్ స్థాపించిన హెబ్రోను ఉంది. 2000లో మరణించిన ఆయన సమాధి నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఉంది.

పట్టభద్రులను ప్రత్యేకించి ఉద్దేశించిన కృషి కూడా కొత్తది కాదు. 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా కళాశాల విద్యార్థులతో పాటు, చదువు ముగించినవారికీ వేరుగా సహవాసాలను నడుపుతోంది. కళాశాల ఆవరణలో తోటివారి మధ్య నిలిచిన విశ్వాసం, ఆ ఆవరణ దాటాక కార్యాలయంలో, అద్దెగదిలో, బంధువుల ఇంట కొత్త ప్రశ్నలను ఎదుర్కొంటుందన్న గుర్తింపు దీనికి ఆధారం.

ఇక్కడ ఒక న్యాయ నేపథ్యాన్ని గమనించాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకొనే హక్కును ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కుకు హద్దు చెప్పింది. తన మత సూత్రాలను వివరించి వ్యాప్తి చేయడం హక్కు. ఎదుటివానిని తన మతంలోకి మార్చడం హక్కు కాదు. ఈ తీర్పుపై వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, అది 'వివరణ' అనే పనిని కేంద్రానికి తెచ్చింది. వివరణ అంటే భాష. శిక్షణను భాషాపరంగా పరీక్షించవలసిన అవసరం ఇక్కడ మొదలవుతుంది.

2. చదివే భాష, చెప్పే భాష

సెరంపూర్ సెనేట్ పరిధిలోని బి.డి. చదువు ఇంగ్లీషులో సాగుతుంది. చదివినవారు ఆదివారం తెలుగులో బోధించాలి. ఆ తెలుగు కూడా ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. భారత బైబిలు సొసైటీ ముద్రించే ప్రచలిత అనువాదపు గ్రాంథికం. థియొలాజికల్ కళాశాలకు వెళ్లని సామాన్య పట్టభద్రుని స్థితీ ఇంచుమించు ఇదే. అతడు చదివే విశ్వాస సమర్థన గ్రంథాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల నుంచి వచ్చినవి. వాటిలో ఊహించిన శ్రోత పాశ్చాత్య నాస్తికుడు. అశోక్‌నగర్ గదిలో పక్క మంచం మీద ఉన్న మిత్రుడు చాలావరకు నాస్తికుడు కాడు. అతడు శనివారం ఉపవాసం ఉండేవాడు కావచ్చు, అంబేద్కర్‌ను చదివి బౌద్ధం వైపు చూస్తున్నవాడు కావచ్చు, త్రిపురనేని రామస్వామి, గోరాల హేతువాద పరంపరను ఎరిగినవాడు కావచ్చు. ఈ ముగ్గురి ప్రశ్నలూ మూడు రకాలు. దేవుడున్నాడని నిరూపించే తర్కం మొదటివానికి అక్కరలేదు. రెండవవానికి అది అసలు ప్రశ్నే కాదు.

పరిభాష సమస్య ఇంతకన్నా సూక్ష్మమైనది. సంఘంలో పుట్టి పెరిగినవారికి 'రక్షణ' అంటే పాపవిముక్తి. బయటివారికి అది పోలీసు రక్షణ, రక్షణ శాఖ. 'మహిమ' సంఘంలో దైవతేజస్సు. బయట బాబాలు చూపే అద్భుతం. 'తిరిగి జన్మించడం' అన్న మాట వినగానే హిందూ శ్రోతకు పునర్జన్మ సిద్ధాంతం స్ఫురిస్తుంది. చెప్పేవాడు ఉద్దేశించినది దానికి పూర్తిగా భిన్నం. వ్యాకరణం చదివినవారికి 'వాక్యం' కర్త, కర్మ, క్రియల కూర్పు. ఈ మాటలు తప్పు అనువాదాలు కావు. సంఘం లోపల రెండు శతాబ్దాలుగా మెలిగి, తమవైన అర్థాలను స్థిరపరచుకొన్నాయి. చిక్కు ఏమిటంటే అవి తెలుగు మాటలు కావడం వల్లనే అర్థమవుతాయన్న భ్రమ కలుగుతుంది. 'బాప్తిస్మం' వంటి పరాయి మాట వినగానే శ్రోత అదేమిటని అడుగుతాడు. 'రక్షణ' విన్నవాడు అడగడు. తనకు తెలిసిన అర్థంతో సరిపెట్టుకొంటాడు.

3. నిరీక్షణ

విశ్వాసాన్ని వివరించే శిక్షణకు మూలవచనంగా అంతటా చూపేది పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం. తమలోని ఆశకు కారణం అడిగినవారికి జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలనీ, ఆ జవాబు మృదువుగా, భయంతో ఉండాలనీ దాని సారాంశం. ప్రచలిత తెలుగు అనువాదంలో ఈ ఒక్క వచనంలోనే మూడు ముఖ్యమైన మాటలున్నాయి: నిరీక్షణ, హేతువు, సమాధానము.

గ్రీకులో 'ఎల్పిస్' అన్నదానికి తెలుగు అనువాదకులు ఎంచుకొన్న మాట నిరీక్షణ. ఆధునిక తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఆశకూ ఎదురుచూపుకూ తేడా ఉంది. వచ్చే బస్సు కోసం ఆశ లేకుండానే నిరీక్షించవచ్చు. బైబిలు తెలుగు ఎదురుచూడడానికి 'కనిపెట్టు' అన్న క్రియనూ వాడుతుంది. రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నేటి వాడుకలో 'కనిపెట్టు' అంటే కొత్తగా కనుగొనడం. 'కనిపెట్టుకొని ఉండు' అన్న పలుకుబడిలో మాత్రమే పాత అర్థపు ఛాయ మిగిలింది. ఫలితంగా ఆశను చెప్పవలసిన మాట ఎదురుచూపు వైపు, ఎదురుచూపును చెప్పవలసిన మాట ఆవిష్కరణ వైపు జరిగిపోయాయి. వాడుక భాషలో వచ్చిన అనువాదాలు కొన్ని 'ఆశాభావం' అన్నాయి. అర్థం స్పష్టమైంది, కానీ 'ఆశాభావం' పత్రికా ప్రకటనల మాట. మంత్రులు వ్యక్తం చేసేది.

నిరీక్షణ అన్న మాటను విడిచిపెట్టడం కన్నా దానిని విప్పడం మేలు. నోటిఫికేషన్ కోసం, ఫలితం కోసం, కోర్టు స్టే తొలగడం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే ఉద్యోగార్థుల మధ్య ఈ మాటకు ఉన్నంత బరువు మరెక్కడా ఉండదు. వారి నిరీక్షణలో ఆశ ఎంత, అలవాటు ఎంత, ఇంటికి తిరిగి వెళ్లలేని బిడియం ఎంత అన్నది పక్క మంచం మీదివానికి తెలుసు. పేతురు పత్రిక చదువరులు కూడా శ్రమలలో ఉన్నవారే. వారి ఆశకు కారణం అడిగేవారు ఉంటారని ఆ పత్రిక ఊహించింది. అంటే ఆశ ముందు కనబడాలి, ప్రశ్న తరువాత రావాలి. ఈ క్రమాన్ని శిక్షణ తరచు తలకిందులు చేస్తుంది. ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేయిస్తుంది.

4. సమాధానం

అదే వచనంలో జవాబుకు గ్రీకు మాట 'అపొలోగియా'. న్యాయస్థానంలో నిందితుడు తన తరఫున చెప్పుకొనే మాట అది. దీనికి తెలుగు బైబిలు 'సమాధానము' అన్నది. గ్రీకు 'ఐరేనే', అంటే శాంతి, అన్నదానికీ చాలాచోట్ల ఇదే మాట వాడింది. యెషయా గ్రంథంలోని 'సమాధానకర్త' ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడు కాడు, శాంతిని కలిగించేవాడు. తెలుగు పాఠకుడు ఈ రెంటినీ ఒకే మాటతో చదువుతాడు. గ్రీకులో ఈ సంబంధం లేదు; ఇంగ్లీషులోనూ లేదు.

ఇది అనువాదకులు కావాలని చేసిన శ్లేష అని చెప్పడానికి ఆధారం లేదు. మాట చరిత్రలోనే ఈ రెండర్థాలు ఉన్నాయి. శాస్త్రచర్చలో పూర్వపక్షి లేవనెత్తిన ఆక్షేపణను తీర్చడం సమాధానం. వేదాంతంలో శమదమాది షట్కసంపత్తిలో చివరిది సమాధానం. చిత్తం ఒకచోట కుదురుకోవడం. 'సమాధానపడు' అన్న తెలుగు క్రియలో ఆ కుదుటపాటు నేటికీ వినిపిస్తుంది. ఎదుటివాని నోరు మూయించినది జవాబు కావచ్చు గాని సమాధానం కాదన్న వివేకం ఈ భాషలోనే ఉంది. దిగుమతి అయిన విశ్వాస సమర్థన గ్రంథాల ధోరణి ఖండనప్రధానం. వాటిని తెలుగు చేసేటప్పుడు 'ధీటైన జవాబు', 'తిప్పికొట్టడం' వంటి మాటలు వచ్చి చేరతాయి. వచనంలో ఉన్న సాత్వికం, భయం అక్కడే జారిపోతాయి.

'హేతువు' విషయం కూడా ఆసక్తికరమే. అది గ్రీకులో 'లోగోస్'. యోహాను సువార్త ఆరంభంలో ఇదే గ్రీకు పదం తెలుగులో 'వాక్యము' అయింది. హేతువాది హేతువూ, విశ్వాసి వాక్యమూ మూలంలో ఒకే మాట అన్న సంగతి తెలిసిన పట్టభద్రుడు హేతువాద మిత్రునితో మరొక తీరుగా మాట్లాడగలడు.

పరిభాషను దాటి విశ్వాసాన్ని బయటి పాఠకునికి చేరవేసిన ఉదాహరణలు తెలుగు సాహిత్యంలో లేకపోలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనరూపాన్ని స్వీకరించాడు. ఆ కీర్తనలలోని భక్తితత్త్వాన్ని ఆర్.ఆర్. సుందరరావు 1983లో ప్రచురించిన తన ఇంగ్లీషు గ్రంథంలో విశ్లేషించారు. గుర్రం జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యాన్ని ప్రేమించే ఏ మతస్థుడైనా దానిని చదవగలిగాడు. తెలుగులోని స్వతంత్ర క్రైస్తవ రచనల సూచిని రావెల జోసఫ్, బి. సునీల్ భాను 1993లోనే గ్రంథంగా తెచ్చారు. ఇంత సామగ్రి ఉండగా శిక్షణలు అనువాద పుస్తకాల మీదనే ఆధారపడడం విచారకరం.

5. సాక్ష్యం: నేను, మేము

శిక్షణలో చివరిదీ, ఎక్కువ సాధన చేయించేదీ సాక్ష్యం. దీనికి స్థిరపడిన నమూనా మూడు భాగాలది: పూర్వజీవితం, మార్పు, నేటి జీవితం. అపొస్తలుల కార్యములలో పౌలు అగ్రిప్ప ఎదుట చెప్పుకొన్న మాటలు దీనికి మూలం. (అధిక విద్య వల్ల మతి తప్పిందని ఫేస్తు ఆయనను మధ్యలో ఆపడం పట్టభద్రులకు ఊరటనివ్వవచ్చు.) భక్త సింగ్ సాక్ష్యం ఈ నమూనాకు మంచి ఉదాహరణ. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకు విదేశాలు వెళ్లి, కెనడాలో క్రైస్తవుడైన ఆయన, విద్యార్థి దశలో తనకిచ్చిన బైబిలు పుటలు చింపివేసి, అందమైన తోలు అట్టను మాత్రం ఉంచుకొన్నట్లు చెప్పుకొన్నాడు. ఆ సాక్ష్యాన్ని నిలబెట్టినది ఆ తోలు అట్ట. సిద్ధాంతపదం ఒక్కటీ లేకుండా అది విన్నవారికి గుర్తుండిపోతుంది.

అయితే ఈ నమూనా తెలుగు క్రైస్తవ పట్టభద్రులలో ఎందరికి సరిపోతుంది? వారిలో ఎక్కువమంది మూడవ, నాల్గవ తరం క్రైస్తవులు. మాల, మాదిగ కుటుంబాల బిడ్డలు. వారి జీవితంలో 'పూర్వం' లేదు. మార్పు వారి ముత్తాతలది. నమూనాను నింపడానికి చిన్న చిన్న అల్లరిపనులను ఘోరపాపాలుగా పెంచి చెప్పుకోవలసి వస్తుంది. విన్నవానికి అందులోని కృత్రిమత తెలిసిపోతుంది.

వారికి ఉన్న నిజమైన కథ 'మేము' అని మొదలవుతుంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది 1876–78 కరువు వెంటనే జరిగింది గనుక, గంజి కోసం మతం మారారన్న మాట నేటికీ పక్క మంచం నుంచి వినిపిస్తుంది. దీనికి తర్కంతో జవాబు లేదు, చరిత్రతో ఉంది. కరువు సహాయంగా బకింగ్‌హాం కాలువ పనులు నడిచిన కాలంలో క్లౌ బాప్తిస్మాలు ఇవ్వకుండా నిలిపివేశాడు. కరువుకు పదేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు క్రైస్తవుడై ఊరూరా తిరిగి బోధించాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో మాదిగ క్రైస్తవులు చెప్పిన కథలు ఉన్నాయి. తమ ముత్తాతలు ఏమి ఆలోచించి ఆ నిర్ణయం తీసుకొన్నారో తెలిసినవాడు 'నేను' అని మొదలుపెట్టకుండానే సాక్ష్యం చెప్పగలడు. ఆత్మగౌరవం కోసం మారారని దళిత విమర్శకుడు అంటే, అందులో నిందేమీ లేదని ఒప్పుకోగలడు.

సాక్ష్యం అన్న మాటకు న్యాయస్థానపు అర్థం ఒకటి ఉంది. శిక్షణ దానిని పట్టించుకోదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరొక మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులస్థులు కారు. మొదట హిందువులకే పరిమితమైన ఆ జాబితాలోకి సిక్కులు 1956లో, బౌద్ధులు 1990లో చేరారు. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులు బి.సి.-సి వర్గం, దానికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఇంట్లో బైబిలు, ధ్రువపత్రంలో హిందూ అన్న జీవితం చాలా కుటుంబాలకు సాధారణం. ఉద్యోగార్థి అయిన పట్టభద్రుడు సంఘంలో మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పగలడు. దరఖాస్తులో కులం, మతం అన్న గడుల దగ్గర ఆగిపోతాడు. దీనిని పిరికితనంగా చూసే బోధకులున్నారు, మాట్లాడకుండా దాటవేసేవారు అంతకన్నా ఎక్కువ. ఏడు దశాబ్దాల చట్టం చేసిన చీలికను ఇరవై మూడేళ్లవాని వ్యక్తిగత విశ్వాస లోపంగా చదవడం అన్యాయం. తన మిత్రుడు "నువ్వు క్రైస్తవుడివే కదా, సర్టిఫికెట్‌లో ఏముంది?" అని అడిగితే చెప్పవలసిన సమాధానం ఏ విశ్వాస సమర్థన గ్రంథంలోనూ లేదు. ఆ ప్రశ్నకు అశోక్‌నగర్ గదులలో జవాబు వెతుక్కొంటున్నవారికి వారి సంఘాలు ఇంకా తోడు రాలేదు.