ఒకే రాడ్డు, రెండు పనులు

యానాంలోని ఫరంపేటలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. పక్కన గోదావరి, కాస్త దూరంలో సముద్రం. ఉప్పుగాలికి గేటు కమ్మీలే పొరలు పొరలుగా రాలిపోతాయి. ఇలాంటి ఊళ్లో పెరటి రేకుల షెడ్డులో ఏళ్లుగా పడి ఉన్న జావా 250 బండిని బాగుచేయాలని కూర్చుంటే, ముందు చెయిన్ కేసు విప్పి చూడాలి. మట్గార్డు, స్పోకులు తుప్పుపట్టినా, అంతటా మూసి ఉన్న ఆ కేసులో చెయిన్ చాలాసార్లు జిడ్డుతో క్షేమంగానే ఉంటుంది.

ఈ బండి నమూనా చెకోస్లొవేకియా వాళ్లది. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో తయారీ మొదలుపెట్టింది. అప్పటికి యానాం కాగితాల మీద ఇంకా ఫ్రాన్స్‌దే!

పట్టేసిన ఇంజన్‌ను కిక్కు కొట్టి లేపకూడదు. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి నానబెట్టాలి. తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే పిస్టన్ కొద్దికొద్దిగా వదులుతుంది. హెడ్ తీసి బోరు పైకి లాగాక అసలు పనితనం బయటపడుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌కు వాల్వులుండవు. బోరు గోడలోని పోర్టులను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. రింగు కొసలు పోర్టులో చిక్కుకుంటే విరిగిపోతాయి. అందుకే పిస్టన్ గాడిలో చిన్న పిన్ను పెట్టారు. కొసలు రెండూ దానికి అటూ ఇటూ ఆగి, రింగు పక్కకు తిరగదు. పొగ పోవడానికీ ఒక వెడల్పాటి పోర్టుకు బదులు రెండు చిన్నవి, వాటికి రెండు సైలెన్సర్లు. హంగు కోసం పెట్టారనుకునేవాళ్లే ఎక్కువ.

నాకు ముచ్చటేసేది మాత్రం ఎడమవైపు రాడ్డు. కాలితో నొక్కితే గేరు పడుతుంది. అదే రాడ్డును ఇంజన్ వైపు లోపలికి తోసి పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది. పని కాగానే అది మళ్లీ గేరు స్థానానికి చేరాలి. అంతటితో ఆగలేదు. గేరు మార్చడానికి రాడ్డు నొక్కగానే లోపలి క్యామ్ క్లచ్‌ను కూడా విడదీస్తుంది. నడుస్తున్న బండికి గేరు మార్చాలంటే చేతి క్లచ్ పట్టక్కర్లేదు. ఈ అమరిక అర్థమైనవాడు అక్కడ సుత్తి ఎత్తడు.

ఇక ఇగ్నిషన్ పాయింట్లు కుడి మూత కింద, డైనమో దగ్గర. గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. రెండు పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పాలి. పాయింట్లు విడివడిన క్షణాన కాగితం చేతిలోకి జారొస్తుంది. పిస్టన్ ఆ క్షణంలో ఎంత ఎత్తులో ఉందో ప్లగ్ రంధ్రంలోంచి కొలిస్తే టైమింగ్ తెలిసిపోతుంది. తర్వాత లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి కిక్కు కొట్టడమే.

ఒక్క మాట: పాత బోల్టులు, మూతలు పారేయకండి, బండి కాగితాలు వెతికి పెట్టండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు.