వండలూరు గుర్తు - జాగ్వారు కొత్త రూపు

2024 డిసెంబరులో మయామీ నగరమున జాగ్వారు వారు ప్రదర్శించిన ‘టైపు 00’ అను నమూనా కారు చిత్రములను మేము పలుమారులు చూచితిమి. పలకలవంటి పక్కలు, వాలుగా దిగిన పైకప్పు. వెనుక అద్దము మాత్రము లేదు. వెనుక వచ్చు వానిని చూడవలెనన్న కెమేరాయే శరణ్యము! 1961 నాటి ఇ-టైపును తీర్చిన మాల్కం సేయరు విమానశాస్త్రము నెరిగినవాడు. అందలి ప్రతి ఒంపునకు గాలి కారణము. ఇందు కారణము తోచదు.

2008 నుండి ఆ సంస్థకు టాటా వారే యజమానులు గదా, మనకిది పరాయి గొడవ కాదు. పైగా మైలాపూరు పెద్దలు ఇట్టి కథ నొకటి కన్నులారా చూచిరి. వండలూరి హెరాల్డు కార్లు మాడవీథులలో తిరిగిన రోజులు వారికి జ్ఞాపకమే. ఆ స్టాండర్డు సంస్థయే 1985లో రోవరు ఎస్‌.డి.1 యొక్క సొగసైన దేహమును తెచ్చి, అందు పాతకాలపు ఇంజనును అమర్చి, ‘స్టాండర్డు 2000’ అని పేరిడెను. 1988 నాటికి ఉత్పత్తి నిలిచెను. అచ్చట ముఖము కొత్తది, గుండె పాతది.

జాగ్వారు వారు రెండును మార్చుచున్నారు. ఇకపై కేవలము విద్యుత్తుతో నడచు కార్లే యని ప్రకటించిరి. సాహసమే! కాని లక్ష పౌండ్లు వెచ్చించువాడు ‘ఇది ఎవరింటి బిడ్డ?’ అని అడుగక మానడు.

దేనినీ అనుకరింపమని వారి నినాదము. అయినను విద్యుత్ కారునకు అక్కరలేని ఆ పొడవైన ముక్కు ఏల? అది వెనుకటి ఆరు సిలిండర్ల ఇంజను ఉండిన చోటు. వంశము మాకు అచ్చటనే కనబడినది.