అబాలిషన్, అనిహిలేషన్: రెండు మాటల మధ్య దూరం

పరిశోధనా పత్రం ముసాయిదాలో కులం గురించి రాస్తూ మేం ‘అనిహిలేషన్’ అనే మాట వాడాం. దాన్ని చూసిన ఒక పెద్దాయన ఆ మాట కింద ఎర్రగీత గీసి పక్కన ‘అబాలిషన్’ అని రాశారు. ‘‘అర్థం ఒకటే గదా, ఇది కాస్త మర్యాదగా ఉంటుంది’’ అన్నారు. ఇంగ్లీషు చదువు మా ఇళ్ళల్లో మాతోనే మొదలు. అందుకని ముందు తప్పు మాదేననుకున్నాం. డిక్షనరీ తీశాం, ఆ తర్వాత అంబేద్కర్‌ను తీశాం. తప్పు మాది కాదు.

అబాలిష్ అంటే రద్దు చేయడం. అధికారం చేతిలో ఉన్నవాళ్ళు కాగితం మీద చేసే పని అది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది, ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న మన దేశాన్ని మాత్రం వదిలేసి. 1865లో అమెరికా 13వ సవరణతో రద్దు చేసింది. మన ఊళ్ళకి ఈ మాట బాగా తెలిసింది భూముల వల్ల. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీ రద్దు చట్టం వచ్చింది, 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి. జమీందారు పేరు పోయింది గానీ పొలం మా పేటలోకి నడిచి రాలేదు. రైత్వారీ పట్టాలు ఎవరి చేతికి పోయాయో ఆ పొలాల్లో కూలిచేసిన మా తాతలు చెప్పేవాళ్ళు.

అనిహిలేట్ అట్లాంటి మాట కాదు. దాని కడుపులో లాటిన్ ‘నిహిల్’ ఉంది. అంటే ఏమీ మిగలకపోవడం. ఉత్తర్వుతో అయ్యే పని కాదిది.

1936లో జరగాల్సిన సభలో అధ్యక్షోపన్యాసానికి లాహోరుకి చెందిన జాత్ పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ను పిలిచింది. మండల్ పేరులో ఉన్నది ‘తోడ్నా’, విరగ్గొట్టడం. విరిగినదాన్ని అతికించుకోవచ్చు. ఉపన్యాసం చూశాక వాళ్ళకి ఇబ్బందయింది. శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోనిదే కులం పోదన్నాడాయన. ఆ భాగాలు తీసేయమన్నారు. కామా కూడా మార్చనన్నాడు. సభ ఆగింది, ఆయన తన డబ్బుతో పుస్తకం అచ్చేసుకున్నాడు. పేరు ‘అనిహిలేషన్ ఆఫ్ క్యాస్ట్’. ‘మర్యాద’ కోసం మాట మార్చేవాడయితే అప్పుడే మార్చి ఉండేవాడు.

అదే మనిషి రచనా సంఘం అధ్యక్షుడిగా ఉన్న రాజ్యాంగంలో 17వ అధికరణం ‘అబాలిష్’ అంటుంది. దేన్ని? అంటరానితనాన్ని. కులాన్ని కాదు. 1948 నవంబరు 29న సభ దాన్ని ఆమోదించినప్పుడు గాంధీజీకి జేజేలు కొట్టారు (కొట్టింది ఎవరికో గమనించండి!). మేం ఆ అధికరణాన్ని చిన్నచూపు చూడటం లేదు. అది లేకపోతే 1955 చట్టం లేదు. 1985లో కారంచేడు తర్వాత జరిగిన పోరాటాలూ, 1989 అత్యాచారాల నిరోధక చట్టమూ నిలబడటానికి నేల ఉండేది కాదు. రాజ్యం చేయగలిగిన పని రద్దు, దాన్ని రాజ్యం చేతనే చేయించాడు అంబేద్కర్. అంతకు మించిన పనికి వేరే మాట దాచి ఉంచాడు. రెండూ ఒకటే అన్నవాళ్ళు ఆ రెండో పనిని చల్లగా చెరిపేస్తున్నారు. 1991లో చుండూరులో చంపినవాళ్ళకి 17వ అధికరణం ఉన్న సంగతి తెలియక కాదు గదా.

ఇక మన తెలుగు ‘నిర్మూలన’. లాటిన్ మాటలో లేనిది ఇందులో ఒకటుంది: మూలం, వేరు. కలుపు కూలికి పోయే మా అమ్మలకి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. తుంగని పైపైన పీకితే చేను ఆ రోజుకి శుభ్రంగానే కనిపిస్తుంది. గడ్డ లోపలే ఉంటుంది, తడి తగలగానే మళ్ళీ లేస్తుంది. గడ్డ ఎక్కడుందో వెతికినవాడు గనుక అంబేద్కర్ సహపంక్తి భోజనాల దగ్గర ఆగలేదు. కులాంతర వివాహం అసలు మందన్నాడు, దానికి అడ్డంపడే నమ్మకం శాస్త్రాల్లో ఉందన్నాడు. అందుకే ‘కుల నిర్మూలన’ అన్న తెలుగు పేరు అనిహిలేషన్‌కి నకలు కాకపోయినా ఆ పుస్తకం వాదానికి ఇంకా దగ్గరగా ఉందని మా అభిప్రాయం.

ఒక్క చిక్కుంది. మలేరియా నిర్మూలన, పేదరిక నిర్మూలన అంటూ సర్కారు బోర్డుల మీద ఆ మాటని అరగదీశారు. పోటీపరీక్షల గైడ్లలో 17వ అధికరణానికి ఒకచోట అస్పృశ్యత నిషేధం అనీ, ఇంకోచోట నిర్మూలన అనీ తోచినట్టు రాస్తారు. మన పిల్లలు అదే బట్టీపట్టి, నిర్మూలన ఎప్పుడో అయిపోయిందనుకుంటారు. పాఠం చెప్పే మిత్రులు కనీసం అక్కడ ‘రద్దు’ అని దిద్దించండి.

మా పత్రంలో మాత్రం మాట మార్చలేదు. ఎర్రగీత అలాగే ఉంది.